చాలు అనేదాకా

దయ్యాల ముచ్చట ఎవరైనా మొదలుపెడితే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. నేను చేసిన ఉద్యోగం అలాంటిది. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేరిన రోజుల్లో మా మెదక్ తాలూకా ఊళ్లకు అప్పుడప్పుడే కరెంటు వస్తోంది. పొలంలో స్తంభం వద్దని రైతు గొడవ పెడితే లైనును పక్కకు మళ్లించి బొందలగడ్డ మీదుగా, సమాధుల మధ్య నుంచి వేసేవాళ్లు. అక్కడ పడుకున్నవాళ్లు గొడవ పెట్టరు కదా. అలాంటి చోట్ల ఎన్ని స్తంభాలు ఎక్కానో, చీకటి పడ్డాక ఎన్నిసార్లు ఒక్కణ్నే దిగానో లెక్కలేదు. ఒక్కనాడూ ఏదీ నన్ను పలకరించలేదు. ఫలానా చెట్టు మీద కొరివిదయ్యం ఉందని ఎవరైనా చెబితే, కిందికి పిలవండి, వైరు పట్టుకోవడానికి నాకో మనిషి తక్కువయ్యాడు అనేవాణ్ణి.

ఇది చదివి, ముసలాడికి చాదస్తం పట్టిందనుకునేవాళ్లు అనుకోండి. నాకేం నష్టం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. తెలియనిచోట తెలియదని రాస్తాను.

మెదక్‌లో బజారు నుంచి ఖిల్లా వైపు వెళ్లే దారిలో యూసుఫ్‌కు కిరాయి సైకిళ్ల దుకాణం ఉండేది. వాళ్ల నాన్న పెట్టిన దుకాణం. ఆయన పని మీద హైదరాబాదు పోయి అక్కడే చనిపోతే, మీసాలు రాని వయసులో యూసుఫ్ పానా చేతిలో పట్టుకున్నాడు. నా వయసువాడే. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎప్పుడూ ఏదో ఒక పాత పాట ఈల వేస్తూ ఉండేవాడు, ఒక్క పాటా పూర్తిగా రాదు. డ్యూటీ దిగాక నేను ఆ దుకాణం ముందు బల్ల మీద కూర్చోకపోతే నాకు చాయి సహించేది కాదు.

ఏటా దసరా దాటి వానలు వెనకపట్టాక మేం నలుగురం సైకిళ్ల మీద పెద్ద తిరుగుడు తిరిగేవాళ్లం. మెదక్‌లో బయలుదేరి శంకరంపేట, చేగుంట, తూప్రాన్, నర్సాపూర్ చుట్టి మళ్లీ మెదక్. రెండు రోజుల దారి. గుట్టలు, బండలు, మొరం మట్టి రోడ్డు. ఎందుకురా ఇదంతా అని అడిగితే నవ్వేసేవాళ్లం. మా అమ్మయితే, పైసలిచ్చి తొక్కమన్నా ఎవరూ తొక్కని దూరం వీళ్లు ఊరికే తొక్కుతున్నరని వాడకట్టంతా చెప్పుకునేది. ఆమెకు ఎలా చెప్పను? ఆ రోజుల్లో గుట్టల నిండా సీతాఫలాలు కళ్లు విప్పి ఉంటాయి. ఒక ఎత్తు ఎక్కి అవతలివైపు దిగుతుంటే పెడల్ తొక్కే పనే ఉండదు, చొక్కాలోకి గాలి దూరుతుంది, ఆఫీసూ ఇల్లూ ఏవీ గుర్తుకు రావు. ఆ దిగుడు కోసమే ఎక్కేవాళ్లం.

నలుగురిలో నర్సిమ్ములు పాపన్నపేట రైతుబిడ్డ. మంజీర ఒడ్డున వరి బురదలో తిరిగిన కాళ్లు, ఏ గుట్టయినా లెక్క చేసేవాడు కాదు. జోగిరెడ్డి పటేల్ల ఇంటివాడు. డైనమో దీపం ఉన్న కొత్త సైకిలు, తొక్కడం కంటే తుడవడం ఎక్కువ. మూడోవాడు యూసుఫ్. నాలుగోవాణ్ణి నేను, సత్తయ్యను. నాది మొదటి నుంచీ భారీ శరీరం. స్తంభం ఎక్కాలంటే ఎక్కేస్తాను కానీ సైకిలు మీద ఎత్తు ఎక్కాలంటే ప్రాణం గొంతులోకి వచ్చేది.

అందుకే మాకో పద్ధతి ఉండేది. దాన్ని చెయ్యి పెట్టుడు అనేవాళ్లం. ఎక్కుడు వచ్చినప్పుడు బలంగా తొక్కేవాడు వెనక ఉంటాడు. ముందున్నవాడు అలసిపోతే వచ్చి పక్కనుంచి ఒక చెయ్యి వాడి వీపు మీద ఆనించి నూకుతాడు. నూకించుకునేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే హ్యాండిల్ తిరుగుతుంది, ఇద్దరూ పడతారు. ఒకసారి జోగిరెడ్డి తిరిగి చూసి తనూ నర్సిమ్ములూ ముళ్లకంపలో పడ్డాక ఈ నియమం గట్టిపడింది. ఇక నూకేవాడికి ఒకటే నియమం. ముందున్నవాడు నోటితో 'చాలు' అనేదాకా చెయ్యి తీయకూడదు. ఎంత అలసిపోయినా సరే. చాలు అనగానే తీసేయాలి, ఇంకో మాట లేదు. తర్వాత ఎవరూ ఎవరికీ మెహర్బానీ చెప్పుకునేది లేదు.

నాకు ఎక్కువగా చెయ్యి పెట్టింది యూసుఫే. నర్సిమ్ములు చెయ్యి పెడితే బండరాయి ఆనించినట్టు ఉండేది. యూసుఫ్‌ది అలా కాదు. అరచెయ్యి మొత్తం రెండు రెక్కల మధ్య పెట్టి, బొటనవేలితో మెల్లగా తట్టేవాడు. నా ఎడమ కాలు కిందికి వెళ్లిన ప్రతిసారీ ఒక తట్టు. అలా చేస్తే కాలు లయ తప్పదనేవాడు. తప్పేది కాదు కూడా. పైకి ఎక్కాక మాత్రం నా పరువు తీసేవాడు. "నిన్ను నూకుడంటే లోడు లారీని నూకినట్టే యార్, జర తినుడు తగ్గియ్యి."

శంకరంపేట దాటాక ఏనెగుట్ట అనే ఎత్తు ఉంది. అది మాత్రం నాకు ఎన్నడూ లొంగలేదు. దానికి రెండు మలుపులు. రెండో మలుపులో రోడ్డు పక్కన సున్నం కొట్టిన పెద్ద రాతి గుండు ఉండేది. మొదటి మలుపు రాగానే నేను దిగిపోయి, తల వంచుకుని సైకిలు నడిపించుకుంటూ పోయేవాణ్ణి. యూసుఫ్ చెయ్యి పెట్టబోయినా దిగేవాణ్ణి. పక్కనే లోయలాంటి పల్లం, ఇద్దరం కలిసి పడితే ఏమవుతుందోనని భయం. అతనికి అది పెద్ద వెలితి. ప్రతి ఏడూ పైన కూర్చుని నాకోసం ఎదురుచూస్తూ అదే మాట అనేవాడు. "ఒక్కసారన్న నిన్ను దిగకుంట ఎక్కిస్త సత్తీ. చూడు నువ్వు."

ఆ ఏడు దసరాకు ముందు యూసుఫ్‌కు పసిరికలు, అదే పచ్చకామెర్లు, అయ్యాయి. మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఆకు పసరు తాగాడు, పథ్యం చేశాడు, దుకాణం తెరుస్తూనే ఉన్నాడు. ఒకరోజు పంపు కొడుతూ కొడుతూ కూలబడ్డాడు. దవాఖానలో చేర్చాం. కళ్లు పసుపు ముద్దల్లా అయ్యాయి, కడుపు ఉబ్బింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, హైదరాబాదు తీసుకెళ్లినా దారి ఓర్చుకుంటాడని చెప్పలేను అన్నాడు. ఆ మాట నేను యూసుఫ్‌కు చెప్పలేదు. చెప్పే అవసరం లేదని మరుసటి రోజు తెలిసింది.

నేను మంచం పక్కన కూర్చుంటే తనే ఎత్తుకున్నాడు. "రేపు తిరుగుడుకు పోవాలె కదా. పోండ్రి."

నువ్వు లేకుండా ఎక్కడికి పోతాంరా అన్నాను. కోపం కూడా వచ్చింది.

"పోండ్రి అంటున్న కదా. చేగుంటల అమ్మీ ఉన్నది. మధ్యాన్నం బస్సుకు తోల్కరాండ్రి. రేపే తోల్కరాండ్రి." రేపే అన్న మాట రెండోసారి అన్నప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది.

వాళ్లమ్మ అప్పటికి కొన్నాళ్లుగా చేగుంటలో కూతురి దగ్గర ఉంది. అల్లుడికి రోడ్డు మీద దర్జీ దుకాణం. కొడుకు పడిపోయాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు, యూసుఫే వద్దన్నాడు. టెలిగ్రాం కొట్టనా అంటే తల అడ్డంగా ఊపాడు. మా వైపు టెలిగ్రాం అంటే చావు కబురే. విప్పకముందే ఏడుపు మొదలవుతుంది. "అబ్బా పోయినప్పుడు టెలిగ్రామే వచ్చింది. మళ్ల గా కాయితం చూస్తే అమ్మీ బస్సు ఎక్కేదాక ఉండది." పోనీ పొద్దున బస్సులో నేనొక్కణ్నే వెళ్లి తెస్తానంటే దానికీ ఒప్పుకోలేదు. నేను బస్సు దిగి ఒంటరిగా వస్తే మొహం చూసే పట్టేస్తుందట. ప్రతి ఏడూ తిరుగుడులో మేం వాళ్లింట్లో ఆగి చాయి తాగేవాళ్లం. ఈసారీ అలాగే సైకిళ్ల మీద గోల చేసుకుంటూ వెళ్లాలి, చాయి తాగాలి, నవ్వుకుంటూ చెప్పాలి. "యూసుఫ్‌కు నీ చేతి ఖిచిడీ తినబుద్ధి అయితుందట, రమ్మన్నడు అని చెప్పుండ్రి. గంతే."

అదీ మా పని. చేగుంట మీదుగా మెదక్ వచ్చే బస్సు మధ్యాహ్నం ఒక్కటే. దాన్ని అందుకోవాలి. మరునాటి బస్సు దాకా యూసుఫ్ ఆగుతాడో లేదో ఎవరికీ తెలియదు.

తెల్లవారకముందే ముగ్గురం బయలుదేరాం. ఈల వేసేవాడు లేడు. మబ్బు పట్టి ఉంది. శంకరంపేట చేరేసరికి పెద్ద వాన పట్టుకుంది. ఒక కొట్టు చూరు కింద నిలబడి నేను వానను తిట్టని తిట్టు లేదు. వాన తగ్గేసరికి చాలా పొద్దెక్కింది. ఇంకా తొక్కుకుంటూ పోతే బస్సు అందుతుందనే అనుకున్నాం.

ఏనెగుట్ట మొదట్లో జోగిరెడ్డి వెనక టైరు రాయికి కోసుకుని పేలిపోయింది. పంచరు డబ్బా తీశాం. లోపల సొల్యూషన్ గొట్టం రాయిలా గట్టిపడి ఉంది. ఆ డబ్బా ప్రతిసారీ యూసుఫే సర్ది తెచ్చేవాడు. ఈసారి దుకాణంలోంచి తెచ్చుకున్నాం గానీ మూత విప్పి చూడాలని ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. సైకిళ్ల దుకాణం వాడి దోస్తులం, మా బతుకంతా గాలి, పంచరు అతని మీద వదిలేసి తిరిగినవాళ్లం.

నర్సిమ్ములే తేల్చాడు. "సత్తెన్నా, నువ్వు పో. మేం శంకరంపేటకు తిరిగి పోయి పంచరు ఏపిచ్చుకొస్తం. పటేలుకు ఒక్కనికి చేతకాదు." నువ్వు పో, నీవి బలమైన కాళ్లు, నేనుంటానంటే ఒప్పుకోలేదు. అమ్మీకి నువ్వే బాగా తెలుసు, నీ మాటే నమ్ముతుంది అన్నాడు. అదీ నిజమే. వాళ్లిద్దరూ సైకిళ్లు నడిపించుకుంటూ వెనక్కి వెళ్లడం నేను కళ్లారా చూశాను. తర్వాత తొక్కడం మొదలుపెట్టాను.

వాన వెలిసి ఎండ కాసింది. మొరం తడిగా, మెత్తగా ఉంది. చక్రం దిగబడుతోంది. మొదటి మలుపు వచ్చేసరికి నా పని అయిపోయింది. కళ్లలోకి చెమట, ఛాతీలో మంట. దిగి నడిస్తే ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. బస్సు పోతుందనీ తెలుసు. అయినా కాళ్లు వినలేదు. ఏడుపు వచ్చింది. ఇంత ఒళ్లు పెంచుకున్నందుకు నన్ను నేను తిట్టుకుంటూ ఎడమ కాలు పెడల్ మీద నుంచి తీయబోయాను.

అప్పుడు వీపు మీద చెయ్యి పడింది.

కథల్లో చెప్పినట్టు చల్లగా లేదు. ఒళ్లు జలదరించలేదు. వెచ్చటి మామూలు మనిషి చెయ్యి. తడిసిన చొక్కా మీద నుంచి ఆ వెచ్చదనం తెలిసింది. నాకు భయం కలగలేదు, ప్రాణం లేచి వచ్చింది. బస్సు సంగతి ఆలోచించి నర్సిమ్ములు జోగిరెడ్డిని వదిలేసి వెనకే తొక్కుకుంటూ వచ్చాడనుకున్నాను. "పటేలును ఒక్కన్నే ఇడిసినవా?" అన్నాను. జవాబు రాలేదు. ఎక్కుడులో ఎవరూ మాట్లాడరు, ఊపిరి చాలదు. అందుకని నేనూ పట్టించుకోలేదు. తిరిగి చూడలేదు. చూడకూడదని ఒంటికి అలవాటైపోయింది.

వెనక ఇంకో సైకిలు చప్పుడు విన్నానా అని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. విన్నానని చెప్పలేను. నా ఊపిరి, నా గొలుసు కిర్రుమనడం తప్ప నాకేమీ గుర్తులేదు.

కొంత దూరం పోయాక గమనించాను. నా ఎడమ కాలు కిందికి వెళ్లిన ప్రతిసారీ బొటనవేలు తడుతోంది. మెల్లగా, లయ తప్పకుండా. నర్సిమ్ములు కూడా యూసుఫ్ దగ్గర ఈ పని నేర్చుకున్నాడా అని నవ్వు వచ్చింది. నిజంగానే నవ్వుకున్నాను. దానికి మించి ఏమీ అనుకోలేదు.

ఎన్నడూ సైకిలు మీద చూడని దారి అది. పల్లం పక్కనే ఉన్నా భయం వేయలేదు. సున్నం కొట్టిన గుండు దగ్గరికి వచ్చేసింది. దాని వెనక ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. గుట్ట అయిపోయిందనుకున్నాను. ఇంతసేపు నన్ను నూకినవాడికి చెయ్యి ఎంత గుంజుతోందో అని జాలి వేసింది.

"చాలు" అన్నాను.

చెయ్యి పోయింది.

గుండు పక్కనుంచి తిరిగితే ముందు ఇంకా ఎక్కుడు ఉంది. కింది నుంచి కనబడదు. ఏటా తల వంచుకుని నడిచి పోయేవాణ్ణి కాబట్టి దాని సంగతే నాకు గుర్తులేదు. నాలుగు తొక్కులు తొక్కాను, అంతే, ఆగిపోయి దిగాను. "ఇంకింత నూకకపోతివి" అని నవ్వుతూ వెనక్కి తిరిగాను.

ఎవరూ లేరు.

ముందు పల్లంలో పడ్డాడేమోనని పరుగెత్తి తొంగి చూశాను. బండలు, సీతాఫలం చెట్లు, వాటి మీద వాన నీళ్లు. గుండు దగ్గర నిలబడితే మొదటి మలుపు దాకా రోడ్డంతా కనబడుతుంది. దారి ఖాళీ. నర్సిమ్ములూ అని కేక వేశాను. అప్పుడు కిందికి చూశాను. తడి మొరం మీద టైరు జాడ ఒక్కటే ఉంది. నాది. దాని పక్కన ఇంకో జాడ లేదు.

భయపడ్డానా అంటే భయపడ్డాను. దాచడమెందుకు? కానీ బస్సు ఉంది. ఆ మిగిలిన ఎత్తు నడిచి ఎక్కి, అవతలి దిగుడులో బ్రేకు పట్టకుండా వెళ్లిపోయాను. ఆ దిగుడులో గాలి తగిలిందో లేదో కూడా నాకు తెలీదు.

చేగుంటలో అమ్మీ గుమ్మంలోనే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నా మొహం చూసింది. తర్వాత నా వెనక రోడ్డు చూసింది. "అకేలా ఆయా బేటా?" అంది. ఒక్కడివే వచ్చావా అని. మిగిలినవాళ్లు వెనక వస్తున్నారన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా వీపు నాకు బరువుగా అనిపించింది. యూసుఫ్ చెప్పమన్నట్టే నవ్వుతూ ఖిచిడీ మాట చెప్పాను. ఎంత నవ్వానో నాకు తెలియదు. ఆమె చేతులు కడుక్కుని, చిన్న గుడ్డలో బియ్యం, పప్పు మూట కట్టుకుని, చాదర్ కప్పుకుని, చలో అంది. కూతురు ఏడవబోతే కళ్లతోనే ఆపింది. బస్సు వచ్చి ఆగే ఉంది. మేం ఎక్కాం, నా సైకిలు పైకి ఎక్కించారు, బస్సు కదిలింది. మొదటి మలుపులోనే దిగి నడిచి ఉంటే అందేది కాదు.

బస్సు శంకరంపేటలో ఆగింది. కిటికీలోంచి చూస్తే అక్కడ సైకిలు దుకాణం ముందు నర్సిమ్ములు, జోగిరెడ్డి కూర్చుని ఉన్నారు. చక్రం ఇంకా ఊడదీసే ఉంది. నన్నూ అమ్మీనీ చూసి నర్సిమ్ములు లేచి చెయ్యి ఊపాడు, అతని మొహం విప్పారింది. నేను చెయ్యి ఊపలేకపోయాను.

బస్సు ఊరూరా ఆగి ఆగి వచ్చి, దీపాలు పెట్టే వేళకు దవాఖాన చేరాం. అమ్మీ లోపలికి పోయింది. నేను వరండాలో నిలబడి దమ్ము తీసుకుంటుంటే వార్డు ఆయమ్మ దగ్గరికి వచ్చింది. యూసుఫ్‌ను బిడ్డలా చూసుకున్న మనిషి. "మీ దోస్తు పగటాల మస్తు పరేషాన్ చేసిండు బిడ్డా. కుడి చెయ్యి లేపి గట్లనే పట్టుకున్నడు, గోడకు ఆనిచ్చినట్టు. నేను దించితె మళ్ల లేపిండు. ఏం కావాలె అంటె పలుకడు. ఒళ్లంత చెమటలు. జరసేపైనంక తనంతట తనే దించుకున్నడు." జ్వరం తాపానికి అలా చేసి ఉంటాడని తనే అంది.

లోపలికి వెళ్లేసరికి యూసుఫ్ తల వాళ్లమ్మ ఒడిలో ఉంది. ఆమె అతని కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని భుజం నుంచి వేళ్ల దాకా ఒత్తుతోంది. గుంజుతోందని అడిగాడట. ఖిచిడీ రేపు పొద్దున చేస్తానని ఆమె చెబుతోంది, అతను సరేనంటున్నాడు. ఆమెను చూశాక అతని మొహంలో ఏదో తేటదనం వచ్చింది. నన్ను చూసి కళ్లతో దగ్గరికి పిలిచాడు. వంగాను. గొంతు నీరసంగా ఉంది కానీ మాట స్పష్టంగా ఉంది.

"గంత జల్ది చాలు అంటివెందుకు? ఇంకా ఎక్కుడు ఉండె కదా."

నీకెవరు చెప్పారని అడగాలనుకున్నాను. అడగలేదు. అతను కోపంగా లేడు. పైన కూర్చుని నాకోసం ఎదురుచూసినప్పుడు ఎలా నవ్వేవాడో అలాగే కొంచెం నవ్వి, కళ్లు మూసుకున్నాడు. తెల్లవారుజామున మసీదులో అజాన్ వినిపిస్తున్నప్పుడు వాళ్లమ్మ ఒడిలోనే పోయాడు. బియ్యం, పప్పు మూట మంచం కింద అలాగే ఉంది.

మట్టి ఇచ్చి వచ్చాక, మూసిన దుకాణం ముందు బల్ల మీద ముగ్గురం కూర్చున్నప్పుడు జరిగింది చెప్పాను. జోగిరెడ్డి వెంటనే తేల్చేశాడు. వాన వెలిశాక గుట్టల్లో కింది నుంచి గాలి కొడుతుంది, తడి చొక్కా వీపుకు అంటుకుని ఉంటుంది, అదే చెయ్యి అనుకున్నావు అన్నాడు. యూసుఫ్‌కు నీ సంగతి తెలుసు కాబట్టి జ్వరంలో ఏదో అని ఉంటాడన్నాడు. అతన్ని తప్పు పట్టను. ఇంకెవరైనా చెబితే నేనూ అదే అనేవాణ్ణి. నర్సిమ్ములు మాత్రం కళ్లు తుడుచుకుంటూ, "నీకే పెట్టిండు చెయ్యి" అన్నాడు. "నాకెన్నడు అక్కర పడలే. ఒక్కసారన్న అలిసినా బాగుండు."

జోగిరెడ్డి చెప్పింది నేను ఊరికే కొట్టిపారేయలేదు. తర్వాత తడి చొక్కాతో, ఎదురుగాలిలో, వెనకగాలిలో ఆ గుట్ట మీదికి ఎన్నిసార్లో వెళ్లాను. గాలి గాలిలాగే ఉంది. గాలికి బొటనవేలు ఉండదు. చొక్కా మీద చేతి గుర్తు ఏమైనా ఉందా అని కొందరు అడిగారు. లేదు. ఉందని చెబితే కథ బాగుంటుంది కానీ లేదు. యూసుఫ్ ఊహించి అన్నాడా అంటే, ఏం ఊహిస్తాడు? ఏనెగుట్టను నేను ఎన్నడూ సైకిలు మీద ఎక్కినవాణ్ణి కాదు. ఆ రోజు ఎక్కానని నేను ఎవరికీ చెప్పలేదు, అమ్మీకి కూడా చెప్పలేదు. గుండు దగ్గర ఆ మాట అన్నప్పుడు నా చుట్టూ మనిషి లేడు. బతికున్న మనిషి ఒకచోట మంచం మీద ఉండి ఇంకోచోట చెయ్యి పెట్టగలడా? పెట్టలేడనే ఇప్పటికీ నా నమ్మకం. మరి ఆ చెయ్యి ఎవరిది? కరెంటు తీగలో ఎక్కడ ఏం తెగిందో వెతికి పట్టుకోవడమే నా బతుకంతా చేసిన పని. ఇది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

నర్సిమ్ములు, జోగిరెడ్డి ఇద్దరూ ఇప్పుడు లేరు. ఏనెగుట్ట మీద తారురోడ్డు పడింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ సున్నపు గుండును పగలగొట్టి కంకర చేశారు. అయినా చోటు నాకు తెలుసు. కాళ్లలో బలం ఉన్నన్నాళ్లూ ఏడాదికి ఒకసారి సైకిలు మీద అక్కడిదాకా వెళ్లేవాణ్ణి. మొదటి మలుపులో దిగకుండా పళ్లు బిగబట్టి తొక్కేవాణ్ణి. ఇప్పుడు మనవడి మోటారుసైకిలు మీద వెనక కూర్చుని వెళుతున్నాను. ఆ చోటు వచ్చేసరికి నోరు గట్టిగా మూసుకుంటాను. నా వీపు మీద ఏ చెయ్యీ ఉండదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా చాలు అనను.